బండకు వాటం

మా ఇంట్లో మగవాళ్ళం మూడు తరాలుగా గొంతుక్కూర్చుని బతికినవాళ్ళం. తాత, నాయన, ఆ తర్వాత నేను. జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లో నాపరాయి తీస్తారు, మేం దాన్ని ఇండ్లలో పరుస్తాం. పులివెందులలో ఒక కొత్త ఇంటి దగ్గర లారీలోంచి బండలు దించుతుంటే ఒకటి జారి నా కుడి మోకాలి మీద పడింది. ఆ తర్వాత నడవగలిగాను, మెట్లు ఎక్కగలిగాను, గొంతుక్కూర్చోవడం మాత్రం నా వల్ల కాలేదు. బండలు పరిచేవాడికి అదొక్కటి పోతే అంతా పోయినట్టే.

ప్రొద్దుటూరులో ఒక బండల షోరూము వాళ్ళు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు, మా కాపురం అక్కడికి మారింది. కొనడానికి వచ్చినవాళ్ళ గది కొలతలు తీసుకుని, ఏ బండ వేస్తే గది ఎట్లా ఉంటుందో తెర మీద గీసి చూపించాలి. కుర్చీలో కూర్చుని చేసే పని దొరికింది, నీ అదృష్టం అన్నారందరూ. నాలుగేళ్ళు చేశాను. ఆ తర్వాత ఫోను కెమెరా గది వైపు తిప్పితే చాలు, ఆ పని అదే చేసిపెట్టే యాప్ ఒకటి వచ్చింది. నా కుర్చీ తీసేశారు. కోపం వచ్చింది. నాకు మామూలుగానే ముక్కు మీద ఉంటుంది కోపం. కానీ యాప్ మీద ఎవరు అరవగలరు?

షోరూముకు ఒకప్పుడు బండల కోసం వచ్చినాయన హైదరాబాదులో ఫోను గేములు చేసే చిన్న కంపెనీలో ఉద్యోగి. నేను గీసిన గదులు చూసి నా నంబరు రాసుకుని పోయాడు. నా పని పోయిన రెండో నెలలో ఆయనే ఫోన్ చేశాడు. గేముల్లో ఇండ్లు కట్టే మనిషి కావాలి, ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు అన్నాడు. ముందు పరీక్ష ఉంటుంది. పద్దెనిమిది రోజుల్లో ఒక లెవెల్, అంటే ఆటలో ఒక ఘట్టానికి సరిపడా ఇల్లు, కట్టి పంపాలి. నచ్చితే గడువు మరుసటి పొద్దున్నే ఫోన్ చేసి ఉద్యోగం ఇస్తారు. "మీ వైపు కాబట్టి కోట ఏమన్నా కడతారా?" అని కూడా అడిగాడు. జమ్మలమడుగు అనగానే అందరికీ గండికోట తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. మామూలు ఇల్లే కడతాను సార్ అన్నాను.

అదే వారం నా భార్యకు కువైట్ వీసా వచ్చింది.

కడప జిల్లాలో ఇదేం వింత కాదు. మా వీధిలోంచే నలుగురు ఆడవాళ్ళు అక్కడ ఇండ్లలో పనికి పోయారు. రెండేళ్ళకొకసారి వస్తారు, పిల్లలు గుర్తుపట్టడానికి ఒక పూట పడుతుంది. నా కుర్చీ తీసేసిన మరుసటి వారమే ఆమె నాతో చెప్పకుండా పులివెందుల పోయి ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇచ్చి వచ్చింది. ముప్పై నిండనిదే ఆడవాళ్ళను పంపరు. ఆమెకు ఆ ఉగాదికే నిండింది. మా పాపకు ఏడేళ్ళు.

"రెండేండ్లు ఎంతసేపు మామా, కండ్లు మూసి తెరిస్తే అయిపోతాది," అంది.

"అయితే మూసుకో," అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోలేదు. పొయ్యి మీద సంకటి కెలుకుతూనే లెక్క తేల్చేసింది. "నీకు ఆ ఆటల పని వస్తే నేను పోను. నాకేం సరదానా? ఏజెంటుకు ఆ శుక్రవారం మధ్యాన్నం లోపల ఒకే మాట చెప్పల్ల. ఊ అంటే పాస్‌పోర్టు ముందుకు పోతాది, కాదంటే ఇంకొకామెకు ఇస్తారు. అంతే."

నా పద్దెనిమిది రోజులు గురువారంతో ముగుస్తాయి. ఆమె గడువు ఆ మరుసటి రోజు మధ్యాహ్నం. మధ్యలో ఒక్క ఉదయం.

ఆ ఇల్లు కట్టాల్సిన ఎడిటర్ అనే ప్రోగ్రాము కంపెనీ తనకోసం తానే తయారు చేసుకున్నది. అందుకని దాని గురించి యూట్యూబులో ఎవడూ చెప్పడు. పన్నెండు పేజీల ఇంగ్లీషు కాగితం పంపారు. తెరిస్తే నల్లటి మైదానం, దాని మీద సన్నటి గళ్ళు. షోరూములో నేను వాడినదానికీ దీనికీ ఏ పోలికా లేదు. గోడ గీస్తే పడుకుని వచ్చింది. నిలబెడితే భూమిలోకి దిగిపోయింది. పాత ల్యాప్‌టాప్ కాలిపోతుంటే నాపరాయి అల్మారా మీద పెట్టి, దాని ముందు నిలబడి పని చేసేవాడిని. ఆ ఎండల్లో మా ఇంట్లో చల్లగా ఉండేది ఆ బండ ఒక్కటే.

మూడో రోజుకు ఒక గది తయారైంది అనుకుని ఆట మొదలుపెట్టే బొత్తాం నొక్కాను. గదిలో నిలబడాల్సిన మనిషి కిందికి పడిపోయాడు. నేల గీశాను కానీ అది గట్టి నేల అని చెప్పే గుర్తు పెట్టలేదు. వాడు పడుతూనే ఉన్నాడు. కింద ఏమీ లేదు కాబట్టి ఆగే చోటే లేదు.

"ఆ మామ యాడికి పోతాండాడు నాయనా?" అంది మా పాప.

పోయి చదువుకోపో అని కసిరాను. కాసేపటికి సిగ్గేసింది, కానీ పిలవలేదు.

ఐదో రోజున గోడలు, కప్పు, ఆరు గదులు లేచాయి. అప్పుడు ఎర్ర అక్షరాలతో 'లీక్' అని వచ్చింది. ఆ ఎడిటర్‌కు ఒక చాదస్తం ఉంది. కట్టిన ఇల్లు అన్ని వైపులా మూసుకుని ఉండాలి. ఎక్కడైనా వెంట్రుకంత సందు ఉన్నా ఆట మొదలుకాదు. ఆ సందు ఎక్కడుందో మాత్రం అది చెప్పదు. రెండు రోజులు గోడ గోడా వెతికాను. అన్నం ముందు కూర్చున్నా కళ్ళ ముందు గోడల మూలలే కనబడేవి. నా భార్య ఏమీ అడిగేది కాదు. అడగకపోవడాన్ని ఇంకా భరించలేకపోయాను.

ఏడో రోజు ఉదయం ఒక ఉపాయం తట్టింది. ఆ ఇంటి నడిమధ్య పెద్ద దీపం పెట్టి, బయటంతా చీకటి చేసి, ఇంటి చుట్టూ తిరిగాను. వంటింటి గోడ కప్పును తాకే చోట సన్నటి వెలుగు గీత కనబడింది. దాన్ని మూశాను. ఆట మొదలైంది, మనిషి నేల మీద నిలబడ్డాడు. నేను వేసిన కేకకు ఆమె పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. తెర మీద నిలబడిన మనిషిని చూసి నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

"ఇంకెన్ని దినాలుండాయి?" అంది వెంటనే.

"పదకొండు."

ఆ సాయంత్రం ఆమె పాపను అద్దం ముందు కూర్చోబెట్టి జడ వేసుకోవడం నేర్పించింది. చిన్న చేతులు వెనక్కి అందక పాయలు జారిపోతున్నాయి. "ఇప్పుడెందుకు దానికి ఈ అవస్థ?" అన్నాను. "నేర్చుకుంటే తప్పేముంది?" అంది. నేను మళ్ళీ అల్మారా దగ్గరికి పోయాను. ఆ జడ పూర్తయ్యేదాకా నా చేయి ఒక్క గోడ కూడా గీయలేదు.

ఆట సంగతి చెప్పాలి. ఇల్లు ఖాళీ చేసే ఆట అది. బయట వ్యాను ఆగి ఉంటుంది. ఆడేవాడు లోపలి సామాను, గ్యాసు బండ, బిందెలు, డ్రమ్ము, కుర్చీలు, మోసుకునో తోసుకునో టైములోపల వాకిలి దాటించాలి. సామానుకు నిజం సామాను మాదిరే బరువు ఉంటుంది, దొర్లుతుంది, జారుతుంది. నా ల్యాప్‌టాపుకు అంత శక్తి లేదు. సామాను పెట్టి ఆట మొదలుపెడితే తెర బిగుసుకుపోయేది. అందుకని సామాను తీసేసి, ఖాళీ ఇంట్లో మనిషిని తిప్పి చూసుకునేవాడిని. సామాను వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను.

ఇంకా ఐదు రోజులుందనగా మా నాయనను చూడ్డానికి జమ్మలమడుగు పోయాను. ల్యాప్‌టాపు కూడా బస్సులో పట్టుకుపోయాను. నిజం చెప్పాలంటే చూపించి మెప్పు పొందాలనే. మోకాలు పోయినప్పటి నుంచి ఆయన నన్ను జాలిగా చూస్తున్నాడు, ఆ చూపు నాకు పడదు. ఇల్లు తెరిచి ముందు పెట్టాను. గది గదీ తిప్పి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"బండలు ఎవురు పరిచినారు?"

"నేనే నాయనా."

"వాటం ఏదిరా?"

వాటం అంటే కడిగిన నీళ్ళు వాటంతట అవే వాకిలి వైపు పోయేటట్టు నేలకు ఇచ్చే వాలు. కంటికి కనబడదు. బారెడు పొడవుకు వేలెడు కూడా ఉండదు. అది లేని ఇంట్లో నీళ్ళు పోసిన చోటే నిలుస్తాయి, తోసి తోసి ఆ ఇంటి ఆడమనిషి నడుము పోతుంది. మా నాయన ఏ ఇంట్లోనైనా పని ముగించాక ఆ ఇల్లాలిని పిలిచి, చేతికి చెంబెడు నీళ్ళిచ్చి, అన్నిటికంటే లోపలి గదిలో గోడ వారగా పోయమనేవాడు. ఆ నీళ్ళు ఎక్కడా ఆగకుండా వాకిలి పక్కన తూము దాకా పోవాలి. పోయినాకనే తాపీలు కడుక్కునేవాడు. నలభై ఏళ్ళలో ఆయన పరిచిన ఇంట్లో నీళ్ళు ఆగింది లేదు.

"ఆటలో నీళ్ళు యాడుంటాయి నాయనా?" అన్నాను.

"వానొస్తే?"

"ఆటలో వాన రాదు."

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవురికి తెలుసురా? రేపు ఎవురో ఒకరు ఆడ నిలబడి, ఈ బండలు ఫలానావాని కొడుకు పరిచినాడంట, వాటం కూడా తెల్దంట అంటే?"

"ఎవరూ అనరు."

"నాకు తెలుస్తాది కదా," అన్నాడు.

బస్సులో వచ్చేటప్పుడు తిట్టుకున్నాను. పనీపాటా లేని ముసలాయన, దీనికేం తెలుసు అనుకున్నాను. కానీ ఇంటికొచ్చి ఎడిటర్ తెరిస్తే ఆ చదును నేల నన్నే చూస్తున్నట్టుంది. అది తప్పు నేల. ఇరవై ఏళ్ళు చేతులకు నేర్పిన పని అది, తప్పు తప్పుగానే కనబడుతుంది. ఒక్కో బండకు నాలుగు మూలలు, ఒక్కో మూలకు ఒక ఎత్తు అంకె. లోపలి గది నుంచి వాకిలి దాకా ఒక్కో మూల కొద్దికొద్దిగా దించుకుంటూ వచ్చాను. ఒకటి దించితే పక్కది పైకి కనబడుతుంది, సందు పడుతుంది, మళ్ళీ లీక్ అంటుంది. నాలుగు రోజులు తిన్నది ఆ పని. బుధవారానికి అయింది. గోడలకు రంగులు, కిటికీలకు వెలుగు పెట్టడం మిగిలిన ఆ కాస్త వ్యవధిలో ఉరుకులు పరుగులుగా ముగించి గురువారం సాయంత్రం పంపాను. పంపినప్పుడు గర్వంగానే ఉంది, వాటం పెట్టిన సంగతి నా భార్యకూ చెప్పుకున్నాను. ఆడేవాడికి తెలియకపోయినా అది నీళ్ళు నిలవని ఇల్లు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చింది. పరీక్ష చూసే అమ్మాయిది గోదావరి వైపు. మాట మెత్తగా ఉంటుంది. నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడింది. ఇంట్లో కట్టుకునే చీర మార్చుకుంది, చేతిలో సంచి ఉంది.

"అన్నా, ఇల్లు చాలా బాగుందండీ. గోడలు, వెలుగు, అన్నీ బాగున్నాయి. కానీ మీ ఇంట్లో దయ్యం ఏమైనా ఉందాండీ?" అని నవ్వింది.

వీడియో పంపింది. అందులో నా ఇల్లు, సామానంతా పెట్టి ఉంది. ఆడేవాడు చేయి కదపకుండా నిలబడి ఉన్నాడు. లోపలి గదిలో డ్రమ్ము మెల్లగా కదిలింది. దాని వెనక బిందె. తర్వాత పడుకోబెట్టిన గ్యాసు బండ. గది దాటి, నడవ దాటి, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా ఆగకుండా అన్నీ వాకిలి దాటి బయటికి పోయాయి. చెంబెడు నీళ్ళు పోసినట్టే.

"మనిషి ముట్టుకోకుండానే ఇల్లు ఖాళీ అయిపోతోందండీ. ఇంక ఆడేదేముంటుంది? నేల వాలుగా ఉన్నట్టుంది. చదును చేసి సోమవారం లోపు పంపండన్నా. పైవాళ్ళు అప్పుడు మళ్ళీ చూస్తారు."

"ఈ రోజే చెప్పడానికి కుదరదా అమ్మా? నేను మధ్యాహ్నానికల్లా చేసిస్తా."

"నా చేతుల్లో లేదన్నా. ఈ వారం చూడ్డం అయిపోయింది, వాళ్ళు మళ్ళీ సోమవారమే కూర్చుంటారు."

ఎందుకు ఆ రోజే కావాలో ఆ అమ్మాయికి చెప్పలేదు. నా పెళ్ళాం ఇంట్లో ఉండాలంటే మీరు ఈ పూటే ఊ అనాలి అని పరాయి పిల్లతో ఎట్లా చెప్పను? అభిమానం అడ్డొచ్చింది. ఇప్పుడు అనుకుంటాను, చెప్పాల్సింది. ఏమో, ఆ అమ్మాయి ఎవరి కాళ్ళయినా పట్టుకునేదేమో.

"ఏమన్నారు?" అంది నా భార్య.

"వెనక్కి పంపినారు. సోమవారం చూస్తారంట."

"సోమవారం ఖాయంగా వస్తాదా?"

వస్తుంది అనడానికి ఒక్క మాట చాలు. ఆమె దాని కోసమే నిలబడింది. కానీ నా లోపల అప్పుడు మంట మండుతోంది. మా నాయన మీద, ఆయన చెంబు మీద, అన్నిటికంటే నా మీద. నాలుగు రోజులు కూర్చుని నా చేతులతో నేనే ఆ నేలను పాడు చేసుకున్నాను. ఆ మంట పోవాల్సిన చోటికి పోలేదు.

"ఏమో, నాకేం తెలుసు? నీ ఇష్టం. పోతే పో," అన్నాను.

ఆమె సంచి చంకకు తగిలించుకుంది. కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. గ్లాసు బోర్లించి, పాపకు బడి నుంచి రాగానే పెట్టాల్సిన అన్నం ఎక్కడుందో చెప్పి, పులివెందుల బస్సుకు పోయింది. వీధి గేటు చప్పుడు విన్నాను. లేచి పరుగెత్తే మోకాలు నాకు లేదు. అది సాకు. నడిచి పోయినా బస్టాండులో దొరికేది.

పన్నెండుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పన్నెండుంబావుకు మళ్ళీ చేశాను. ఒంటిగంటకు ఆమే చేసింది.

"చెప్పినా మామా," అంది. అంతే అంది.

శని, ఆదివారాలు నేను సున్నాలు కొట్టాను. ప్రతి బండకూ నాలుగు మూలల్లో నాలుగు సున్నాలు. వాటం ఇవ్వడానికి నాలుగు రోజులు పట్టింది, తీసేయడానికి ఒకటిన్నర రోజు చాలింది. సోమవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోన్ చేసి, "కంగ్రాట్స్ అన్నా, తీసుకున్నారు మిమ్మల్ని," అంది.

నా భార్యకు చెప్పినప్పుడు ఆమె నిజంగానే సంతోషపడింది. ఒక్క నిష్ఠూరం మాట అనలేదు. బెల్లం పాయసం చేసింది. ఏజెంటుకు నేనే ఫోన్ చేసి ఆమె రాదు అన్నాను. "ఆ ఇంటోళ్ళు టికెట్ తీసినారు. మాట ఇచ్చి ఇప్పుడు కాదంటే ఎట్లప్పా?" అన్నాడు. పులివెందుల పోయి వాని గొంతు పట్టుకోవాలనిపించింది. ఫోను తీసుకుని ఆమే మాట్లాడింది, వస్తానంది. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు నేను ఆ సాయంత్రమంతా ఆ ఫోను పట్టుకుని కూర్చున్నాను.

మూడు రోజులు. వాటం ఇవ్వకపోయి ఉంటే శుక్రవారం పొద్దున్నే వాళ్ళు ఊ అనేవాళ్ళు. ఈ సంగతి మా నాయనకు చెప్పలేదు, చెబితే తట్టుకోలేడు. ఆమెకూ చెప్పలేదు. ఏదో తప్పు వచ్చిందని వెనక్కి పంపారనే ఆమెకు తెలుసు.

ఆమె పోయి ఇప్పటికి ఎనిమిది నెలలు. పాప జడ తానే వేసుకుంటుంది. పాపిట మాత్రం వంకరగా వస్తుంది, నేను సరిచేయబోతే చేయి తోసేస్తుంది. నేను ఇప్పటికి పదకొండు ఇండ్లు కట్టాను. ఎడిటర్ ఇప్పుడు నా చెప్పుచేతల్లోనే ఉంది.

పోయిన వారం మధ్యాహ్నం ఆమె వీడియో కాల్ చేసింది. ఆ ఇంటివాళ్ళు బయటికి పోయారంట. ఫోను తిప్పి హాలు చూపించింది. మా వీధి మొత్తం పట్టేంత హాలు, తెల్లటి చలవరాళ్ళు, ముఖం కనబడేంత నునుపు.

"చూడు మామా, ఎంత బాగుండాదో. కానీ ఈడ బండలకు వాటం లేదు. మీ నాయన చూస్తే తిడతాడు," అని నవ్వింది. "బకెట్ నీళ్ళు పోస్తే పోసిన తావునే ఉంటాయి. అంతా తోసుకుంటా పోవల్ల. సాయంత్రానికి నడుము నాది కాదు."

 నా ముందు తెర మీద పన్నెండో ఇల్లు తెరిచి ఉంది. మూలమూలకూ సున్నా.

"నువ్వు మీ నాయన మాట విని ఆ ఇంటికి వాటం పెట్టినావే, అది అట్నే ఉండాదా?" అంది.

"ఉండాది," అన్నాను.

"మంచిది," అంది. ఫోనును కిటికీ గట్టు మీద ఆనించి పెట్టి, మాట్లాడుతూనే నీళ్ళు తోసే కట్టె పట్టుకుని వంగి తోయడం మొదలుపెట్టింది. నీళ్ళు ఆమె తోసినంత మేర పోయి, అక్కడే ఆగాయి.